‘బాబుకే మంచిదమ్మా’ అనే మాట వెనుక

వేసవి సెలవులు ముగిసి జూన్ రెండవ వారంలో బడులు తెరిచేటప్పుడు సూళ్లూరుపేటలో ఏ వీధి చూసినా కొత్త సంచులు, కొత్త యూనిఫారాలు కనిపిస్తాయి. అటువంటి ఒక ఉదయాన మాకు తెలిసిన ఒక తల్లి తన ఏడేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని పట్టణంలోని ఒక బడికి వెళ్లింది. తోడుగా మాలో ఒకరు వెళ్లారు. ఆ బాబుకు మాట ఆలస్యంగా వచ్చింది. వచ్చిన మాట ఇంట్లోవారికి తప్ప ఇతరులకు వెంటనే అర్థం కాదు. నడక కొంచెం తడబడుతుంది. ఇవి తప్ప అతడు ఏడేళ్ల పిల్లలందరి వంటివాడే. లెక్కలంటే ఇష్టం, రైళ్లంటే ప్రాణం.

ప్రధానోపాధ్యాయుడు ఏమాత్రం కటువుగా మాట్లాడలేదు. కూర్చోమన్నారు. బాబు పేరు అడిగి తల నిమిరారు. దరఖాస్తు చూసి కాసేపు మౌనంగా ఉండి, “చేర్చుకోవడానికి మాకేమీ అభ్యంతరం లేదమ్మా. కానీ తరగతిలో ఇంతమంది పిల్లలు. ఎవరు చూసుకుంటారు? ఇటువంటి పిల్లల కోసం వేరే బడులున్నాయి. అక్కడైతే బాబుకే మంచిదమ్మా” అన్నారు. తల్లి “సరే సార్” అని లేచింది. దారిలో ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. “ఆయన మంచివాడే” అన్నది.

ఆ చివరి మాట విన్న తరువాతనే ఈ వ్యాసం రాయాలని నిశ్చయించుకున్నాము. ఆ బడి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే, తప్పు ఆ ఒక్క బడిది మాత్రమేనని పాఠకులు అనుకునే ప్రమాదముంది. అదే మాటను ఇంచుమించు అదే మృదుత్వంతో చెప్పే బడులు ఈ జిల్లాలోనే కాదు, మన రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. ప్రత్యేక అవసరాలు గల పిల్లలను తోటిపిల్లలతో కలిపి ఒకే తరగతిలో కూర్చోబెట్టే సహిత విద్య పట్ల మన ఉపాధ్యాయుల వైఖరి ఏమిటి, దానికి కారణాలేమిటి, దానిని మార్చడంలో ముస్లిం కుటుంబాల పాత్ర ఏమిటి అనేది మా ప్రస్తుత విషయం.

మృదువుగా పలికే నిరాకరణ

పాఠకులలో చాలామందికి ఈ ధోరణి కొత్తది కాదు. అద్దె ఇంటి కోసం తిరిగినవారికి ఇది బాగా తెలుసు. “మాకేమీ పట్టింపు లేదండీ, కానీ మీవాళ్లుండే వీధిలో అయితే మీకే సౌకర్యంగా ఉంటుంది” అని ఇంటి యజమాని అంటాడు. తిట్టడు, గెంటివేయడు. మన మేలు కోరుతున్నట్టుగానే మాట్లాడతాడు. మనం తిరిగి వచ్చేస్తాము. ఇల్లు మాత్రం దొరకదు. మన సౌకర్యం ఎక్కడుందో మనల్ని అడగకుండానే మరొకరు నిర్ణయించడం ఎంత అవమానకరమో మనకు అనుభవం మీద తెలుసు. అదే మాట వికలత్వం గల బిడ్డ విషయంలో వినిపించినప్పుడు మాత్రం మనం అవమానాన్ని గుర్తించము. “మంచివాడే” అని సరిపెట్టుకుంటాము.

ఉపాధ్యాయుల మనసులో పిల్లల పట్ల ద్వేషముందని మేము అనడం లేదు. చాలామందిలో ఉన్నది జాలి. ఆ జాలితోనే చిక్కు. జాలి పడేవాడు దానిని ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు. ఎదుటివానికి అడిగే అధికారం ఉండదు. హక్కు అటువంటిది కాదు. ఈ ‘హక్కు’ అనే మాట అరబ్బీ ‘హఖ్’ నుంచి తెలుగులోకి వచ్చింది. ఊరి చావడిలోనూ కోర్టులోనూ ఇప్పుడది అచ్చమైన తెలుగు మాటగానే చెలామణి అవుతున్నది. మన ఇళ్లలో నమాజు, జకాత్, పొరుగువాని బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు ఎన్నోసార్లు పలికే ఆ మాటను, బడి గుమ్మం దగ్గర బిడ్డ కోసం పలకడానికి ఎందుకు జంకుతున్నాము?

ఉపాధ్యాయుని పక్షాన నిలిచి చూస్తే

న్యాయంగా మాట్లాడాలంటే ఎదుటిపక్షాన్ని కూడా వినాలి. ఉపాధ్యాయులతో మాట్లాడినప్పుడు మాకు మూడు జవాబులు వినిపించాయి. మొదటిది, “మాకు నేర్పలేదు.” బి.ఇడి.లోనో డి.ఇడి.లోనో సహిత విద్యపై ఒక పాఠం ఉంటుంది, పరీక్ష రాస్తారు, అంతటితో సరి. వినికిడి లోపమున్న పిల్లవాడు తరగతిలో ఉంటే నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడకూడదని, అక్షరాలు తారుమారు చేసే పిల్లవానికి పలకపై వందసార్లు రాయించడం శిక్షే తప్ప చదువు కాదని చేసి చూపినవారు లేరు. రెండవది, “సమయం లేదు.” ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులు చెప్పే ప్రాథమిక పాఠశాలలు నేటికీ ఉన్నాయి. వాటి పైన మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో ఫొటోలు, హాజరు నమోదు. మూడవది, “ఆ పిల్లలకు వేరే సార్ ఉన్నారు.”

మొదటి రెండూ నిజమైన ఇబ్బందులు. వాటిని తోసిపుచ్చడం అన్యాయమవుతుంది. ఇది ఇక్కడి ఉపాధ్యాయులకే పరిమితమైనది కూడా కాదు. అమెరికాలో టామస్ స్క్రగ్స్, మార్గో మాస్ట్రోపియరి అనే పరిశోధకులు 1958 నుంచి 1995 వరకు జరిగిన 28 సర్వేలను, పదివేల మందికి పైగా ఉపాధ్యాయుల సమాధానాలను ఒకచోట చేర్చి 1996లో ప్రచురించారు. ఇటువంటి పిల్లలను సాధారణ తరగతిలో చేర్చుకోవాలన్న ఆలోచనను దాదాపు మూడింట రెండు వంతుల మంది సమర్థించారు. అందుకు కావలసిన సమయం గాని, శిక్షణ గాని తమకున్నదని చెప్పినవారు మూడో వంతు కూడా లేరు. అంటే సూత్రానికి “ఔను”, తన తరగతి దగ్గరికి వచ్చేసరికి “ఇప్పుడు కాదు.” మన ప్రధానోపాధ్యాయుడు చెప్పినదీ అక్షరాలా ఇదే.

మూడవ జవాబు దగ్గర మాత్రం మేము ఆగవలసి వస్తున్నది. సమగ్ర శిక్షా కింద మన రాష్ట్రంలో మండలాలలో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ పనిచేసే సహిత విద్య రిసోర్స్ పర్సన్లను బడులలో ఐ.ఇ.ఆర్.పి.లు అంటారు. కాంట్రాక్టు కొలువులో ఉంటూ వారిలో ఎందరో నిబద్ధతతో పనిచేస్తున్నారు. కానీ వారి రాక బడిలో మరొక అలవాటుకు దారితీసింది. తరగతిలోని ముప్పై మంది పిల్లలు ఉపాధ్యాయుని పిల్లలు, ఆ ఒక్కడు మాత్రం “ఐ.ఇ.ఆర్.పి. పిల్లవాడు” అయ్యాడు. ఆమె వచ్చిన రోజు అతనికి చదువు, రాని రోజు మూల కూర్చోవడం. హాజరుపట్టీలో పేరుంటుంది, ఉపాధ్యాయుని మనసులో ఉండదు. నిపుణులు ఉపాధ్యాయునికి తోడు రావలసినవారు. ఉపాధ్యాయుని బదులు వచ్చినవారు కారు. ఆ తేడా చెరిగిపోయినచోట సహిత విద్య కాగితం మీదనే మిగులుతుంది.

నిపుణుల కొరత విషయమై సర్వోన్నత న్యాయస్థానం రజనీష్ కుమార్ పాండే కేసులో 2021లో స్పష్టమైన ఆదేశాలిచ్చింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలు గల ప్రతి 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆపై తరగతులలో ప్రతి 15 మందికి ఒకరు ఉండాలన్నది ప్రమాణం. 2025 మార్చిలో అదే కేసులో పోస్టులను మంజూరు చేసి నియామకాలు జరపాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసింది. ఇది ఆహ్వానించదగినదే. అయితే పోస్టు నిండినంత మాత్రాన పక్కగదిలోని సాధారణ ఉపాధ్యాయుని వైఖరి మారదు. “ఈ పిల్లవాడు నావాడు” అని అతడు అనుకోవడం ఏ జీవోతోనూ రాదు. అడిగేవారుంటే వస్తుంది.

రెండు ముద్రలు మోసే పిల్లలు

మన పిల్లల విషయంలో మరొక చిక్కు కూడా ఉన్నది. దాని గురించి ఎవరూ మాట్లాడడం లేదు. ఈ ప్రాంతం తమిళనాడు సరిహద్దుకు ఆనుకొని ఉన్నది. ఇక్కడ ఎన్నో ముస్లిం ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు, వీధిలో తెలుగు, రైలెక్కి చెన్నైకి పనికి వెళ్లే తండ్రి నోట తమిళం. బడిలో పాఠ్యపుస్తకం ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య ఒక పిల్లవాడు తరగతిలో మౌనంగా కూర్చుంటే ఉపాధ్యాయుడు ఏమనుకుంటాడు? “ఉర్దూ ఇంటి పిల్లవాడు కదా, భాష రాదు, నెమ్మదిగా వస్తుందిలే” అనుకుంటాడు. నిజానికి ఆ పిల్లవానికి చెవి సరిగా వినపడకపోవచ్చు. రెండు మూడేళ్లు ఆ అనుమానమే రాదు. వచ్చేనాటికి మాట నేర్చుకునే వయసు చాలావరకు దాటిపోతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతుంది. ఏ లోపమూ లేని పిల్లవాడు కేవలం ఇంటిభాష వేరు కావడం వలన జవాబు చెప్పలేకపోతే “మొద్దు”, “మందబుద్ధి” అన్న ముద్ర పడుతుంది. మొదటి పిల్లవానికి దక్కవలసిన సహాయం దక్కదు, రెండవవానికి అక్కరలేని ముద్ర దక్కుతుంది. రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే, పిల్లవాణ్ణి చూడకముందే అతని ఇంటిని చూడడం.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో 25 శాతం మంది బడి ముఖమే చూడలేదని, లేదా మధ్యలో మానేశారని తెలిపింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. వారిలో అక్షరాస్యత 54.5 శాతం, దేశం మొత్తం మీద అది 73 శాతం. దివ్యాంగుల విద్యపై యునెస్కో 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం మన దేశంలో వికలత్వం గల ఐదేళ్ల పిల్లలలో నాలుగింట మూడు వంతుల మంది ఏ విద్యాసంస్థలోనూ లేరు. ఈ లెక్కలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. వాటి భారం మాత్రం కలిసి ఒకే బిడ్డ మీద, అందునా ఆడబిడ్డ అయితే మరింత బరువుగా పడుతున్నది. చక్రాల కుర్చీ పట్టని మరుగుదొడ్డి, తోడు లేని దారి, “పెద్దదవుతున్నది కదా” అన్న ఇంటి భయం మూడూ కలిసి ఐదవ తరగతి తరువాత ఎందరు బాలికలను ఇంటికి కట్టివేస్తున్నాయో మన మొహల్లాలను ఒకసారి తలచుకుంటే చాలు.

చట్టం ఏమంటున్నది

2016లో పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్నది. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వికలత్వాలుండగా ఇందులో 21 చేర్చారు. ఆటిజం, మాట భాషల లోపం, చదవడం రాయడంలో ఎదురయ్యే ప్రత్యేక అభ్యసన వైకల్యం కూడా వాటిలో ఉన్నాయి. ఈ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలు ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. భవనాన్ని అనువుగా మార్చాలి. ఒక్కో పిల్లవాని అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలి. అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించాలి. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం లేదా అంతకు మించిన వికలత్వమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఇంటి దగ్గరి బడిలో గాని, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కున్నది.

“కోరుకున్న” అన్న మాటను గమనించండి. ప్రత్యేక పాఠశాలలు వద్దని మేము అనడం లేదు. పుట్టుకతో చెవిటివారైన పిల్లలకు సంజ్ఞాభాషలో నడిచే బడి ఎంతో మేలు చేస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో బధిరుల కోసం పాఠశాల నడుపుతున్నది. అటువంటి సంస్థలు మరిన్ని రావాలి. తీవ్రమైన వికలత్వమున్న పిల్లలు ఇంటివద్దనే చదువుకునే వీలును కూడా విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ కల్పించింది. అయితే ఇవన్నీ పిల్లవాడు, తల్లిదండ్రులు ఎంచుకోవలసిన దారులు. బడి తన సౌకర్యం కోసం చూపించే దారులు కావు.

ఎంచుకునే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు మన తెలుగునాటనే ఒక ఉదాహరణ ఉన్నది. కృష్ణా జిల్లా సీతారామపురంలో పుట్టుగుడ్డిగా జన్మించిన బొల్లా శ్రీకాంత్ ఊరిబడిలో వెనుక బెంచీకి పరిమితమయ్యారు. తరువాత హైదరాబాదులోని అంధుల పాఠశాలలో చదివి పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నారు. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదువుతానంటే అంధులకు అది కుదరదన్నారు. ఆయన మేలు కోరుతున్నట్టుగానే అన్నారు. ఒక ఉపాధ్యాయురాలు అండగా నిలవగా కోర్టుకు వెళ్లి అనుమతి సాధించారు. పాఠాలు విని చదువుకొని 98 శాతం మార్కులు పొందారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి తిరిగి వచ్చి హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఆయన కథ 2024లో హిందీ చలనచిత్రంగా కూడా వచ్చింది. అందరూ ఆయన ప్రతిభను కీర్తిస్తారు. మాకు మాత్రం ఆ ఉపాధ్యాయురాలే ఎక్కువగా గుర్తుకు వస్తారు. “నీకే మంచిది కాదు” అని చుట్టూ అందరూ అంటున్నప్పుడు “నీకేం కావాలి?” అని అడిగినది ఆమె. ప్రతి బిడ్డా ఎం.ఐ.టి.కి వెళ్లనక్కరలేదు. ఆ ప్రశ్న వినే అర్హత మాత్రం ప్రతి బిడ్డకూ ఉన్నది.

మన బడుల సంగతి

ఇంతవరకు ఇతరుల గురించి రాశాము. ఇప్పుడు చెప్పబోయేది మన గురించి. కొందరికి ఇది రుచించకపోవచ్చు.

రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకునే హక్కునిచ్చింది. ఆ హక్కు కోసం మన పెద్దలు ఎంతో పోరాడారు. ఈ పత్రిక కూడా దానికి ఎల్లప్పుడూ అండగా నిలిచింది. 2012 సవరణ మదర్సాలను, వేదపాఠశాలలను విద్యాహక్కు చట్టం పరిధి నుంచి తప్పించింది. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో సర్వోన్నత న్యాయస్థాన రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టం అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు వర్తించదని తీర్పునిచ్చింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తం చేస్తూ విస్తృత ధర్మాసనం పరిశీలన కోరింది. ఆ వాదనలు న్యాయస్థానంలో జరుగుతాయి. మన హక్కును అక్కడ గట్టిగానే వాదించుకుందాము.

కానీ దివ్యాంగుల హక్కుల చట్టం వేరు. గుర్తింపు పొందిన విద్యాసంస్థలన్నిటినీ ఉద్దేశించిన ఆ 16వ సెక్షన్‌లో అల్పసంఖ్యాక సంస్థలకు మినహాయింపు రాయలేదు. ఒకవేళ రాసి ఉన్నా, దాని చాటున ఒక బిడ్డను గుమ్మం దగ్గర నిలిపివేయడం మనకు తగునా? మన యాజమాన్యాల కింద నడిచే పాఠశాలలలో ఎన్నిటికి వాలుదారి ఉన్నది? ఎన్ని మక్తబ్‌లలో చూపు తక్కువ పిల్లవానికి పెద్ద అక్షరాల ఖాయిదా ఉన్నది? “ఈ పిల్లవానికి సబఖ్ ఎక్కదు, ఇంట్లోనే రెండు సూరాలు నేర్పుకోండి” అని మన హాఫిజ్ సాహెబులే చెప్పి పంపించిన సందర్భాలు మాకు తెలుసు. అదీ “బాబుకే మంచిది” అన్న మాటే.

‘అబస’ అనే సూరా మనకు కంఠస్థం. ఖురైష్ నాయకులకు సత్యాన్ని బోధించడంలో దైవప్రవక్త (స) నిమగ్నులై ఉన్న వేళ, అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి తనకు నేర్పమని అడిగారు. ఆ క్షణాన ఆ ముఖంపై మెదలిన విసుగును ఆయన చూడలేరు. అయినా అల్లాహ్ దానిని పట్టించుకొని, నేర్చుకోవాలని వచ్చినవాణ్ణి పక్కన పెట్టరాదని తెలియజేశాడు. నేర్చుకోవాలని వచ్చినవాడు అంధుడు, అడిగినది చదువు. ఉపాధ్యాయుని ఒక్క ముఖకవళిక కూడా లెక్కలోకి వస్తుందని చెప్పే ఇంతకంటే పెద్ద పాఠం మరేది? ఆ తరువాత ఆయనకు దక్కిన స్థానాన్ని కూడా గుర్తుచేసుకోవాలి. హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ఆయన ముఅజ్జిన్ అయ్యారు. దైవప్రవక్త (స) మదీనా విడిచి వెళ్లిన పలు సందర్భాలలో నగర బాధ్యతను ఆయనకు అప్పగించారు. ఆయనను చూసి జాలిపడి ఊరుకోలేదు, పని ఇచ్చారు, పదవి ఇచ్చారు. ఈ ఘటనపై జుమా ఖుత్బాలు ఎన్నో విన్నాము. ఆ ఖుత్బా ముగిసిన తరువాత అదే మస్జిదు మెట్లెక్కలేక బయట నిలబడిన బిడ్డ గురించి ఎప్పుడైనా ఆలోచించామా?

చేయవలసిన పనులు

ఉపాధ్యాయుల వైఖరి ఉపన్యాసాలతో మారదు. వికలత్వమున్న పిల్లవాడు నిజంగా తరగతిలో కూర్చున్నప్పుడు, అతనికి బోధించి ఫలితం చూసినప్పుడు, పక్కన సహాయపడే మనిషి ఉన్నప్పుడు మారుతుంది. కాబట్టి పిల్లవాణ్ణి తరగతిలోకి చేర్చడమే మొదటి పని. దానికి కుటుంబాలు ఏం చేయగలవో చెప్పి ముగిస్తాము.

బిడ్డను దాచకండి. చుట్టాల ముందు, పెళ్లిసంబంధాల ముందు నామోషీ అని లోపలి గదిలో కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇంట్లోనే కనబడనివాడు బడిలో ఎలా కనబడతాడు?

సదరం ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. పింఛనుకు, ఇతర సదుపాయాలకు అది అవసరం. కానీ ధ్రువపత్రం తెస్తేనే చేర్చుకుంటామని ఏ బడి అన్నా ఒప్పుకోకండి. ఇంటి దగ్గరి ప్రభుత్వ బడిలో చేరడానికి 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ విద్యాహక్కు చట్టమే హక్కునిచ్చింది. చేరిక గడువు దాటిందన్న కారణంతో కూడా తిప్పి పంపరాదని అదే చట్టం చెబుతున్నది. ప్రైవేటు బడులలో ఉచితంగా కేటాయించే 25 శాతం సీట్లలో 5 శాతం మన రాష్ట్రంలో అనాథలకు, హెచ్.ఐ.వి. బాధిత పిల్లలకు, దివ్యాంగులకు కలిపి ఉన్నది.

నిరాకరణను కాగితం మీద అడగండి. నోటితో “బాబుకే మంచిది” అనడం తేలిక. “ఫలానా కారణం చేత చేర్చుకోవడం లేదు” అని రాసి సంతకం పెట్టడం తేలిక కాదు. వినయంగా, “సార్, ఇదే మాట రాసి ఇవ్వండి” అని అడిగితే చాలు, చాలా సందర్భాలలో జవాబు మారుతుంది. మారకపోతే ఆ కాగితంతో మండల విద్యాశాఖాధికారి దగ్గరికి, అవసరమైతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్లవచ్చు.

పాఠశాల యాజమాన్య కమిటీలో చేరండి. దాని సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి, వెనుకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యముండాలి. 2012 సవరణతో దివ్యాంగ పిల్లలు కూడా ఆ నిర్వచనంలోకి వచ్చారు. ఆ కమిటీలో వికలత్వమున్న బిడ్డ తల్లి ఒక్కరైనా కూర్చుంటే వాలుదారి, మరుగుదొడ్డి, ప్రత్యేక ఉపాధ్యాయుని హాజరు చర్చకు వస్తాయి.

ఉపాధ్యాయునికి సహాయపడండి. బిడ్డ భాష మీకు తెలిసినంతగా అతనికి తెలియదు. ఏ సైగకు ఏ అర్థమో, ఎప్పుడు అలసిపోతాడో, దేనికి భయపడతాడో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. హక్కు అడగడం, సహకరించడం రెండూ కలిసి నడవగలవు.

మన అంజుమన్‌లు, మస్జిదు కమిటీలు, మైనారిటీ విద్యాసంస్థల యాజమాన్యాలు వచ్చే విద్యా సంవత్సరానికి ముందే మూడు పనులు చేయాలని కోరుతున్నాము. తమ మొహల్లాలో బడికి వెళ్లని దివ్యాంగ పిల్లల జాబితా తయారు చేయాలి. తమ భవనానికి వాలుదారి కట్టించాలి. తమ ఉపాధ్యాయులను, హాఫిజ్‌లను దగ్గరి భవిత కేంద్రానికి ఒక్క రోజైనా పంపి అక్కడి పనిని కళ్లారా చూడనివ్వాలి. వీటిలో పెద్ద ఖర్చుతో కూడినది ఏదీ లేదు.

మొదట చెప్పిన తల్లి సంగతి. ఆమె మరో బడికి వెళ్లింది. అక్కడి ఉపాధ్యాయురాలు కూడా తనకు ఇటువంటి పిల్లలకు నేర్పిన అనుభవం లేదనే చెప్పారు. అయితే ఆమె తరువాతి మాట వేరు. “నాకు తెలియదమ్మా. కూర్చోబెట్టండి, బాబు మాట నాకు అర్థమయ్యేదాకా మీరు కూడా ఒక వారం ఉండండి” అన్నారు. తల్లి వారం రోజులు వెనుక బెంచీలో కూర్చున్నది. ఆ తరువాత ఇంటికి వచ్చేసింది. బాబు మాత్రం అక్కడే, ముందు బెంచీలో ఉన్నాడు. అతనికి చదువు సులభంగా వస్తున్నదని మేము రాయలేము, కష్టపడుతున్నాడు. ఉపాధ్యాయురాలు కూడా కష్టపడుతున్నారు. హాజరు పిలిచేటప్పుడు అతని పేరు వస్తే అతడు తన పద్ధతిలో పలుకుతాడు. తరగతిలో ఇప్పుడెవరూ నవ్వడం లేదు.